మోకు మీద చెయ్యి

ఉరుకుందమ్మంటే మా ఊర్లో ఎవరికీ పడదు. నాకూ పడేది కాదు. వేంపల్లె రోడ్డు మీద నాది టీ, బోండాల హోటలు. పొద్దున షట్టరు ఎత్తగానే వచ్చి బెంచీ మీద కూర్చునేది ఆమే. టీ ఒక గుక్క తాగి, నలుగురూ వినేటట్టు, "హేమావతీ, పాలు పోసినావా, పాలగిన్నె కడిగిన నీళ్ళు పోసినావా?" అనేది. నాకు ఒళ్ళు మండేది. నచ్చకపోతే తాగొద్దు పొమ్మంటే పోదు. మర్నాడు మళ్ళీ వస్తుంది, మళ్ళీ అదే మాట అంటుంది. ఆమె నోటికి జడిసి మా వీధి కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయని నేనే అందరికీ చెప్పి నవ్వేదాన్ని. అయినా ఆమె సంగతి నేను చెప్పాల్సిందే. ఊరంతా కలిసి ఆమెను జైలుకు పంపాలని చూసిన రోజు మోకు మీద పెట్టిన చేతుల్లో నాదీ ఒకటి.

ఆమెది మా పక్క కాదు. కర్నూలు పడమట, ఆదోని అవతల పల్లె. డబ్బును దుడ్లు అంటుంది, కోపమొస్తే సగం కన్నడంలో తిడుతుంది. మా ఊరి శివన్న బావుల పనికి ఆ పక్కకు పోయి, ఆమెను చేసుకుని వచ్చాడు. అతనిది సైడు బోర్ల పని. బావి ఎండితే రైతు ఇంకా లోతు తవ్విస్తాడు. అదీ ఎండితే అడుగుకు మనిషిని దించి, బావి గోడలోకి అడ్డంగా బోరు వేయిస్తాడు. అదే సైడు బోరు. శివన్న ఆ అడుగున బురదలో నిలబడి, గోడకు మిషను ఆనించి పని చేసేవాడు. పైన కంప్రెసరు మోత. ఆ మోతలో కిందివాడు గొంతు చించుకున్నా పైకి వినపడదు. అందుకని వాళ్ళకు మాటంటే తాడే.

తాడుతో మాట్లాడటానికి వాళ్ళకొక పద్ధతి ఉంది. కిందివాడు తాడును బిగబట్టి పక్కకు ఒక్క ఊపు ఊపితే, ఆ ఊపు తాడు వెంబడి వంపులాగా పైకి పరుగెత్తుతుంది. పైన గిలక దగ్గర తాడు మీద అరచెయ్యి ఆనించి ఒకరు కూర్చుంటారు. ఒక ఊపు వస్తే మట్టి తట్ట లాగమని. వెంటవెంటనే రెండొస్తే మనిషిని లాగమని. అందింది అని చెప్పడానికి పైనున్నవాళ్ళు ఒక ఊపు తిరిగి కిందికి పంపాలి. దాన్ని జవాబు అంటారు. జవాబు వచ్చిందంటే కిందివాడు ఇంక ఊపడు. నడుముకు కట్టిన తాడు సరిచూసుకుని, లాగుతారని నిలబడి ఉంటాడు. జవాబిచ్చి లాగకపోవడమనేది వాళ్ళ పనిలో లేదు. అంత పాపం పగవాడు కూడా చెయ్యడంటారు.

శివన్న దగ్గర ఉన్నది మణికట్టంత లావు మోకు. నీళ్ళు లోతుకు పోయేకొద్దీ అది చాలక, దాని కొసకు సన్నటి నైలాను తాడు కలిపి ముడి వేశాడు. ఆ ముడి మీద అతనికి భలే గర్వం. "ఏనుగును కట్టినా ఊడదు" అని నా హోటలు ముందర కనపడినవాడికల్లా చూపించాడు. నిజంగానే ఊడలేదు. మామూలు బావుల్లో నైలాను తాడొక్కటే లోపలికి దిగేది, ముడి గిలక ఇవతలే ఉండేది. మరీ లోతు బావి అయితే మోకు కూడా కొంత దిగేది, దాంతోపాటు ముడీ దిగేది.

అట్లాంటి లోతు బావిలోనే శివన్న చనిపోయాడు. ఆ రోజు పైన మోకు మీద చెయ్యి పెట్టింది అతని తమ్ముడు బొజ్జన్న. లోపల గోడ విరిగి, నీళ్ళూ మట్టీ కలిసి మీద పడ్డాయి. ఎంతసేపటికీ తట్ట అడగడేమని కంప్రెసరు ఆపి తొంగి చూసేసరికి అంతా అయిపోయింది. శవాన్ని పైకి తెచ్చినప్పుడు శివన్న కుడిచేతికి తాడు మెలికలు తిరిగి చుట్టుకుని ఉంది. ఉరుకుందమ్మ ఆ చేతిని పట్టుకుని మరిది ముఖం మీదికి ఎత్తింది.

"తాడు చేతికి చుట్టుకోని సచ్చినోడు ఊపకుండా ఉంటాడేమిరా? యాడ పెట్టినావు నీ చెయ్యి? యాడ సూస్తాంటివి?"

"మోకు మీదనే పెట్టింటి వదినా. ఊపు రాలే. మా యమ్మ తోడు, రాలే."

"అబద్ధం" అంది ఆమె. ఆ తర్వాత ఆ మనిషిని ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు.

ఊరు బొజ్జన్న మాట నమ్మింది. మగవాడు ఏడ్చి చెప్పాడు గదా, నమ్మక చస్తామా. ఆమె ఒక్కతే నమ్మలేదు. కర్మాంతరం అయిపోగానే బొజ్జన్న ఇంటి ముందుకు పోయి నిలబడింది. "మోకు నాది, గిలక నాది. నువ్వు దిగల్లంటే పైన నేనే కుచ్చుంటా. దిగుతావా, భయమా?" అని అడిగింది. భయమంటే తప్పు ఒప్పుకున్నట్టే గదా. బొజ్జన్న దిగుతానన్నాడు. అతని భార్య నాగలత కాళ్ళు పట్టుకుని ఏడ్చినా వినలేదు. వదిన మొండి, మరిది అంతకంటే మొండి.

అట్లా ఏండ్లు గడిచాయి. అతను దిగుతాడు, ఆమె మోకు మీద చెయ్యి పెట్టి కూర్చుంటుంది. దిగే ముందు ప్రతిసారీ అతను తన ముఖం చూసి దిగాలని ఆమె పంతం. ఇద్దరికీ మాటల్లేవు, ఊపులూ జవాబులూ తప్ప. నా హోటలుకు వస్తే ఆమె ఈ బెంచీ, అతను ఆ బెంచీ, అదీ వీపు తిప్పుకుని. మధ్యలో నేను గ్లాసులు పట్టుకుని చావాలి. మోకుకు ముడి కొత్తగా వేసుకోమని ఎవరైనా అంటే ఆమె మీద పడి కరిచేది. "అది ఆ యప్ప చేతి ముడి. ఎవుడన్నా ముట్టుకుంటే యేళ్ళు ఇరగ్గొడతా" అనేది. యప్ప అంటే ఆమెకు మొగుడు. ఆయుధ పూజకు అందరూ గిలకకూ మిషనుకూ బొట్టు పెడితే, ఆమె ఆ ముడికి పసుపూ కుంకుమా పెట్టేది.

మొన్న ఎండాకాలం మా ఊరి రైతు రామాంజి చీనీ తోట ఎండుముఖం పట్టింది. మా పక్క చీనీ చెట్టు, అంటే బత్తాయి, ఎండితే ఇంట్లో మనిషికి జబ్బు చేసినట్టే. అతని బావి మా చుట్టుపక్కల అన్నింటికంటే లోతు. శివన్న పోయాక మోకు కూడా దిగేంత లోతు బావి వాళ్ళకు తగలడం అదే మొదలు. బొజ్జన్న దిగాడు, మోకు కూడా దిగింది. ఉరుకుందమ్మ పైన కూర్చుంది. పొద్దుటి నుంచీ బోరు పనే, తట్ట అడిగే పని ఇంకా పడలేదు. పొద్దు నడినెత్తి మీదికి వచ్చేసరికి రామాంజి కూలీల అన్నాలకని కంప్రెసరు ఆపాడు. ఆపిన మరుక్షణం బావిలో నుంచి కేక వినపడింది. ఆమె తొంగి చూసి "లాగండి, లాగండి" అని అరిచింది.

పైకి వచ్చిన బొజ్జన్న ఎడమ కాలు మోకాలి కింద వంకర తిరిగి ఉంది. బోరు దెబ్బకు గోడలోంచి ఊట తన్నుకొచ్చి, బండ జారి కాలి మీద పడిందట. గొంతు వరకు నీళ్ళు లేచాయట.  నేల మీద పడుకునే, కోపంగా వదిన వైపు వేలు చూపించాడు.

"రెండూపులు ఊపినా. జవాబిచ్చింది. లాగుతాదని సూస్తాండా, లాగలే. మళ్ళా ఊపినా, మళ్ళా జవాబిచ్చింది. జవాబిచ్చి లాగలే ఈమె! మా యన్న కోసం నన్ను నీళ్ళల్లో ముంచి సంపల్లని సూసింది."

"నేను జవాబియ్యలే. ఊపు రాలే" అంది ఉరుకుందమ్మ.

ఆ మాట ఎవరి నోటి నుంచి ముందు విన్నామో అక్కడున్న అందరికీ గుర్తే. నాగలత జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొచ్చి ఆమె మీదికి దూకింది. "మా ఆయన ఆ పొద్దు ఇదే మాట అంటే అబద్ధమంటివే! ఈ పొద్దు నువ్వంటే నిజమా?" అని అరిచింది. ఉరుకుందమ్మ వంగి మోకును చుట్ట చుట్టుకుంది. 

తర్వాత ఊరు చేసిన యాగీ అంతా ఇంతా కాదు. ఆమె ఇంటి రేకుల మీద రాళ్ళు పడ్డాయి. కొళాయి దగ్గర బిందె పెడితే తన్నేశారు. కట్టు కట్టించుకుని బొజ్జన్న ఆసుపత్రి నుంచి రాగానే, మనిషిని చంపబోయిందని పోలీసులకు రాసిస్తామని నాగలత పట్టుబట్టింది. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి పగ తీర్చుకోదా అని అందరూ తలలు ఊపారు. నా హోటలుకు ఆమె వస్తే మిగతావాళ్ళు లేచిపోయేవారు. నేను టీ పోశాను, వంక పెట్టడానికి వీల్లేకుండా చిక్కగా పోశాను. ఆమె తాగి, ఒక్క మాట అనకుండా గ్లాసు పెట్టి వెళ్ళింది. తిట్టకపోయేసరికి నాకే భయమేసింది.

స్టేషనుకు పోదామనుకున్న రోజు పొద్దున అందరూ నా హోటలు ముందరే గుమిగూడారు. కాలు చాపుకుని బొజ్జన్న ఆటోలో కూర్చున్నాడు. ఉరుకుందమ్మ నేరుగా ఆటో దగ్గరికి వచ్చింది.

"టేషనుకు తర్వాత పోదువులే. ముందు రామాంజి బాయి కాడికి నడువు. అదే బాయి, అదే మోకు. నేను కిందికి దిగుతా. నువ్వు పైన కుచ్చోని మోకు మీద చెయ్యి పెట్టు. నేను ఊపింది నీ చేతికొస్తే నేను అబద్ధాలకోరుదాన్ని. నా అంతట నేనే పోయి జైల్లో కుచ్చుంటా."

"నువ్వు ఊపకుండా ఊపినానంటే?" అంది నాగలత.

"కండ్లుండాయి గదే? తొంగి సూడు. నీ మొగుని చేతి మీద నమ్మకం లేకుంటే ఊరోళ్ళందరి చేతులూ పెట్టుకోండి."

బొజ్జన్న చాపిన కాలును ఆటోలోకి సర్దుకున్నాడు. తర్వాత "పోనీయప్పా బాయి కాడికి" అని ఆటో అతనితో అన్నాడు.

ఆమె చీర గోచీ పెట్టి కట్టుకుని, నడుముకు తాడు బిగించుకుని దిగింది. ఆడమనిషి బావిలోకి దిగడం మా ఊర్లో ఎవరూ చూడలేదు. రామాంజి మోటారుతో నీళ్ళు తోడించి ఉంచాడు కాబట్టి అడుగున మోకాటి లోతే ఉన్నాయి. ఆ రోజులాగే కంప్రెసరు వేయించారు. మంచం మీద కాలు చాపుకుని బొజ్జన్న మోకు మీద చెయ్యి పెట్టాడు. అతని చెయ్యి పక్కన రామాంజి పెట్టాడు. వీళ్ళందరూ ఒకటే, నాలుగు అబద్ధాలు కలిపి చెప్తారని నేనూ పోయి పెట్టాను.

కంప్రెసరు అదురుకు మోకు సన్నగా జలదరిస్తోంది. అంతే. నేను చెయ్యి తియ్యకుండా వంగి చూశాను. అప్పటికి మిట్టమధ్యాహ్నం, ఎండ నిలువునా బావిలోకి పడుతోంది. కింద ఉరుకుందమ్మ నైలాను తాడును రెండు చేతులా పట్టుకుని పామును కొట్టినట్టు ఊపుతోంది. తాడు వంకరలు తిరుగుతోంది. నా అరచేతిలో మాత్రం ఏమీ లేదు.

"వస్తాందా?" అని రామాంజి బొజ్జన్న చెవిలో అరిచాడు.

బొజ్జన్న తల అడ్డంగా ఊపాడు.  అన్న చనిపోయిన రోజు ఆ చెయ్యి ఇట్లాగే ఏమీ తెలియకుండా మోకు మీద ఉంది. ఆ సంగతి ఇన్నేండ్లకు పది మంది కళ్ళ ముందర తేలింది. నాగలత కూడా తొంగి చూసి, వెనక్కి జరిగి, చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

ఉన్నట్టుండి కింద ఉరుకుందమ్మ ఆగిపోయింది. తల పైకెత్తి గిలక వైపు కాదు, బావి మధ్యలో వేలాడుతున్న ముడి వైపు చూసింది. ఒక ఊపు నిదానంగా ఊపింది. మళ్ళీ చూసింది. ఇంకో ఊపు. మళ్ళీ చూసింది. అట్లా ఎంతసేపు చేసిందో. మాకు ఏమీ అర్థం కాలేదు. చివరికి చెయ్యి ఎత్తి పైకి లాగమంది.

పైకి వచ్చాక కంప్రెసరు ఆపారు. ఆమె తడిసిన చీరతో బావి గట్టు మీద కూర్చుంది. ఊపు పైకి రాలేదని ఊరంతా చూసింది కాబట్టి ఆమె గెలిచినట్టే. అక్కడ నోరు మూసుకుని ఉంటే చాలు, జవాబు వచ్చిందన్న బొజ్జన్న మాట అబద్ధమైపోతుంది, అబద్ధం కేసు పెట్టబోయాడని ఊరు అతన్నే ఉమ్మేస్తుంది. ఆమె ఇన్నేండ్లూ కోరుకున్నది అదే. నేనైతే నోరు మూసుకునేదాన్నేమో.

"జవాబొచ్చింది" అంది ఆమె.

"నేనియ్యలే వదినా! వీళ్ళందరూ సూస్తానే ఉండారు. నా చెయ్యి కదలలే" అన్నాడు బొజ్జన్న గాభరాగా.

"తెలుసు. ఊపు సన్నతాడు మీద పైకి ఉరికింది. ముడి కాడికి పోయింది. పైన మోకు కదిలీ కదలనట్ల ఉండాది. ముడి కాన్నుంచి ఊపు మళ్ళుకోని నా మీదికే వచ్చింది. కుడిపక్కకు పంపిస్తే ఎడమపక్కకు తిరుక్కోని వచ్చింది. నా ఊపే నాకు జవాబయ్యింది. నీకూ అదే వచ్చింటాది. నువ్వు చెప్పింది అబద్ధం కాదు." కొంచెం ఆగి, "ఆ పొద్దు చెప్పింది కూడా అబద్ధం కాదు" అంది.

తర్వాత ఆమె మోకును దగ్గరికి లాక్కుని ముడిని ఒళ్ళో పెట్టుకుంది. ఊడదీయాలని చూసింది. గోళ్ళు విరిగాయి గానీ అది రాలేదు. ఏనుగును కట్టినా ఊడదని శివన్న చెప్పిన ముడి. రామాంజిని కొడవలి అడిగి తీసుకుని, కుంకుమ మరకలు కనపడుతున్న ఆ ముడిని కోసింది. కోస్తున్నంతసేపూ ఏడ్చింది, మెల్లగా కాదు, ఊరంతా వినేటట్టు ఏడ్చింది.

"రేయ్ బొజ్జన్నా" అంది. ఆ పేరు ఆమె నోట విని అందరం ఉలిక్కిపడ్డాం. "నిన్ను తిట్టుకుంటానే ఇన్నేండ్లు బతికినా. రేపట్నుంచి ఎవర్ని తిట్టుకోని బతకల్లరా నేను?"

బొజ్జన్న కళ్ళు తుడుచుకున్నాడు. "నన్నే తిట్టు వదినా. నాకు అలవాటే" అన్నాడు.

ఆ వారంలోనే హైస్కూలు సైన్సు సారు దావీదురాజు నా హోటలుకు వచ్చి, టీ తాగుతూ ఈ సంగతంతా విన్నాడు. విని, "అది మామూలేనమ్మా, తొమ్మిదో తరగతికి నేను తాళ్ళు కట్టి చూపిస్తుంటాను" అన్నాడు. సన్నతాడు మీద పోయే ఊపుకు లావు మోకు గోడలాగా అడ్డమట. కొంచెం పైకి పోతుంది, ఎక్కువ భాగం వెనక్కి తిరుగుతుంది, తిరిగేటప్పుడు పక్క మారుతుంది. పై నుంచి లావు మోకు మీద ఊపితే మాత్రం అది సన్నతాడులోకి బాగానే దిగుతుంది, పైగా ఇంకా పెద్దదవుతుంది. అందుకే పైవాళ్ళ జవాబు ఎప్పుడూ కిందికి బాగా తెలిసేది, తాడు మంచిదేనని అందరూ నమ్మారు.

"ఈ ముక్క ముందే చెప్పి ఉంటే ఒక మనిషి బతికేవాడు గదా సారూ?" అన్నాను, కోపం ఆపుకోలేక.

"నన్ను ఎవరమ్మా అడిగింది? మీ ఊర్లో నన్ను టీకి తప్ప దేనికీ పిలవరు" అని అతనూ కోపంగానే లేచి పోయాడు. రెండు వారాలు నా హోటలుకు రాలేదు. పోతే పోయాడు.

బొజ్జన్న కాలు కూడుకున్నాక కడప పోయి ఎక్కడా ముడి లేని తాడు తెచ్చారు. వాళ్ళిద్దరూ ఇప్పటికీ కలిసి ఒక బెంచీ మీద కూర్చోరు. నాగలత ఇప్పటికీ ఆమెను చూస్తే ముఖం తిప్పుకుంటుంది. నా టీకి వంకలు మాత్రం మళ్ళీ మొదలయ్యాయి.

కొత్త తాడుతో మొదటిసారి బొజ్జన్న రామాంజి బావిలోకే దిగాడు. కూలీలకు టీ పట్టుకుని నేనూ పోయాను. కంప్రెసరు మోగుతోంది. ఉరుకుందమ్మ తాడు మీద చెయ్యి పెట్టి కూర్చుంది. కింది నుంచి ఒక ఊపు వచ్చింది. ఆమె చెయ్యి మోచేతి వరకూ అదిరిపోయింది. నాకూ కనపడింది. జవాబు పంపి, తట్ట లాగమని చెప్పి, చెయ్యి తాడు మీదనే ఉంచి, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. నేను వంగి చెవి పెట్టాను.

"ఒక్క ఊపుకే చెయ్యి ఇట్ల అదిరిపాయె హేమా. మా యప్ప ఆ పొద్దు ఎంతసేపు ఊపినాడో. ఊపినప్పుడల్లా జవాబొచ్చింటాది. తమ్ముడు జవాబిచ్చి కూడా లాగలేదనుకోని సచ్చిపోయింటాడు. ఆ యప్పకు ఎవరు చెప్పల్ల, వాడు అట్ల చెయ్యలేదని?"

 అప్పుడే తాడు వెంటవెంటనే రెండుసార్లు అదిరింది. ఆమె కళ్ళు తుడుచుకోకుండానే జవాబు పంపి, "లాగండి" అని అరిచింది.